వెనక బిగించిన బారు

పరుపుల కొట్టుకీ ప్రింటింగ్ ప్రెస్సుకీ మధ్య ఇరుక్కుని ఒక కార్ల షెడ్డు ఉంది. దాని ఆసామిని వీధిలో ఎవరూ అసలు పేరుతో పిలవరు, రెండుసార్ల మేస్త్రి అంటారు. ఏ బోల్టయినా ఒకసారి బిగించి ఊరుకోడాయన. చేతులు తుడుచుకుని, ఊపిరి పీల్చుకుని, రెండోసారి పానా వేసి చూస్తాడు. అప్పుడు గానీ దాని నెత్తిన పసుపు రంగు చుక్క పెట్టడు. చుక్కలన్నీ పడందే బండి గడప దాటదు. పనిమంతుడని జనం మెచ్చుకుంటారు. నన్నడిగితే అది పనితనం కాదు, భయం.

అలాంటిలాంటి భయం కూడా కాదు. తాడుని చూసి పామనుకునే రకం. లిఫ్టు ఎక్కడు. చినుకు పడితే స్కూటరు ముట్టడు, భార్య నడుపుతుంటే వెనక కమ్మీ పట్టుకుని కూర్చుంటాడు. "పెళ్లిలో మా వాళ్లు అన్నీ పెట్టారు గానీ ఇద్దరికి సరిపడా ధైర్యం పెట్టమని ఎవరూ చెప్పలేదు" అని ఆవిడ పరుపుల కొట్టాయనతో అంటూ ఉంటుంది. సామాన్ల బీరువా, ఫోన్లు, కస్టమర్లతో మాటలు అన్నీ ఆవిడవే. ఇంత పిరికివాడు రోజూ బండ్ల కింద ఎలా దూరతాడని అడిగితే ఆయన దగ్గర ఒకటే జవాబు. పని నేర్పిన గురువు చెప్పాడట, ఈ పనికి భయస్తుడే కావాలి, ధైర్యవంతులు జనాన్ని చంపుతారని. ఆ ఒక్క మాట పట్టుకుని ముప్ఫై ఏళ్లు నెట్టుకొచ్చాడు.

కిందటేడు దవడ పన్ను పుచ్చి చెంప బంతిలా ఉబ్బితే, మూడు నెలలు లవంగాలు నమిలి, ఇక తట్టుకోలేక పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాడు. ఆవిడకి యాభై దాటాయి. ఒంటరి మనిషి, నెమ్మది మనిషి. కుర్చీలో ఈయన వణుకుతుంటే నవ్వలేదు. ఇప్పుడు సూది వేస్తాను, ఇప్పుడు లాగుతాను, కాస్త నొప్పి ఉంటుంది అని ఒక్కొక్కటీ ముందే చెప్పి చేసింది. ఆ రోజు నుంచి ఈయనకి ఆవిడంటే గురి.

ఆ డాక్టరే ఒక సోమవారం మధ్యాహ్నం షెడ్డు ముందు రెండు సీట్ల స్పోర్ట్స్ కారు దిగింది. బూడిద రంగుది, ఎవరో వాడి అమ్మింది. చిన్నప్పటి నుంచీ ఉన్న కోరికట. చెబుతున్నప్పుడు చెవులు ఎర్రబడ్డాయి.

"మేస్త్రి గారూ, మలుపుల్లో ఇది పడవలా ఒరిగిపోతోంది. వెనక లావు స్వే బారు వేస్తే సరిపోతుందని చదివాను. ఇరవై అయిదు మిల్లీమీటర్లది వేసేయండి."

"ఇరవై అయిదా అమ్మా?" అని మేస్త్రి కుర్చీ వెతుక్కున్నాడు.

స్వే బారంటే బ్రహ్మవిద్యేమీ కాదు. బండి కింద ఎడమ చక్రాన్నీ కుడి చక్రాన్నీ కలుపుతూ అడ్డంగా పెట్టిన వంపు కడ్డీ. రెండు కొసలా ఒక్కో చిన్న లింకు దాన్ని చక్రానికి కడుతుంది. మలుపులో బండి ఒక పక్కకి ఒరగబోతే కడ్డీ మెలి తిరుగుతూ పట్టుకుంటుంది. తడి తువ్వాలు పిండినట్టే, తువ్వాలు ఎంత మందమైతే అంత మొండికేస్తుంది. అలాంటి కడ్డీ ముందొకటి, వెనకొకటి ఉంటాయి. రెండింటికీ పొత్తు కుదరాలి. వెనకది మరీ మొండిదైతే వెనక చక్రాలు పట్టు వదిలేస్తాయి, బండి తోక ముందుకి తిరుగుతుంది.

"కంపెనీ వేసింది పంతొమ్మిదమ్మా. ఇరవై రెండుకి వెళ్తే మొండితనం దాదాపు రెట్టింపు. ఇరవై అయిదంటే మూడు రెట్లు."

"ఆరు మిల్లీమీటర్లకే?"

"అంతేనమ్మా. చూడటానికి వేలెడు కూడా ఉండదు. అందుకే నాకు భయం."

అరగంట బేరం నడిచింది. చివరికి ఇరవై రెండు దగ్గర ఆగారు. ఆ బారు కొసల్లో మూడేసి చిల్లులుంటాయి, లింకు చివరి చిల్లులో పెడితే మెత్తన, లోపలికి జరిపే కొద్దీ గట్టి. మేస్త్రి చివరిదన్నాడు, డాక్టరు మధ్యదంది. "నా కుర్చీలో మీరు నా మాట విన్నారు కదా" అని ఆవిడ నవ్వితే ఈయన మెత్తబడ్డాడు. మధ్య చిల్లే ఖాయమైంది.

బారు వేయడంలో వంక పెట్టడానికి లేదు. నాలుగు బోల్టులు, రెండు లింకులు, రెండేసిసార్లు పానా, ఆరు పసుపు చుక్కలు. తర్వాత నడిపి చూశాడు. పొడి రోడ్డు మీద, నలభై దాటకుండా, వీధి చివరి దాకా వెళ్లి వచ్చాడు. నిజానికి అలాంటి బండిని ఖాళీ మైదానంలో గట్టిగా తిప్పి ఎక్కడ పట్టు వదులుతుందో చూడాలి. అది ఆయనకి తెలుసు. తెలిసీ చేయలేదు, భయం కదా.

ఇక్కడ నాకు ఒళ్లు మండే విషయం ఒకటుంది. స్పోర్ట్స్ కారు చేసేదే ఒరగకుండా ఉండటానికి. కంపెనీ బారుతోనే సుబ్బరంగా తిరగాల్సిన బండి పడవలా ఎందుకు ఒరుగుతోందని ఒక్క ప్రశ్న వేసుకోవాలా వద్దా? వేసుకోలేదు. ఎందుకంటే ఆ షెడ్డు కట్టుబడే అంత. ఇరుకు చోటు, నేలలో తవ్విన గుంత పొట్టిది. వెనక పనికి వచ్చిన బండిని రివర్సులో లోపలికి నెట్టి తోకని గుంత మీద నిలబెడతారు, ముక్కు గడప మీదే ఉండిపోతుంది. తను ముట్టుకున్నదాన్ని మేస్త్రి రెండుసార్లు చూస్తాడు. ముట్టుకోనిదాన్ని ఒక్కసారి కూడా చూడడు. ముప్ఫై ఏళ్లుగా అదే తీరు, దీపం కింద చీకటి అంటారే, అది.

ఆదివారం పొద్దున షెడ్డు మూసే ఉంటుంది గానీ, ఆ వేళ భార్య బీరువా సర్దుదామని కూర్చుంది. కింది అరలోంచి విప్పని అట్టపెట్టె ఒకటి బయటికి తీసి దుమ్ము ఊదింది.

"ఏమండీ, ఇదెవరిది? ముందు లింకట. మీ రాతే. నలభై ఏడు పదమూడు అని నంబరు కూడా ఉంది."

"ఏ బండి?"

"నన్నడిగితే? ఆగండి, ఈ నంబరు మొన్ననే ఎక్కడో రాశాను." పాత చీటీలు తిప్పింది. "ఇదిగో. డాక్టరుగారి కారు."

మేస్త్రి చీటీ లాక్కుని చూశాడు. బండ్లని ఆయన రంగుతో గుర్తుపెట్టుకుంటాడు గానీ నంబరుతో కాదు. నలభై ఏడు పదమూడు ఆయన మనసులో పచ్చటి కారు, నిమ్మపండు రంగు. రెండేళ్ల కిందట ఎవరో పెద్దమనిషి తెచ్చాడు, ముందు ఎడమ పక్క టకటక చప్పుడొస్తోందని. లింకు కీలు అరిగిపోయింది. కొత్తది రావడానికి వారం పడుతుందంటే, ప్రయాణంలో ఆ చప్పుడు భరించలేనన్నాడు. అప్పుడు మేస్త్రి అరిగిన లింకుని పూర్తిగా ఊడదీసి, "నెమ్మదిగా వెళ్లి రండి, వారంలో కొత్తది వేస్తాను" అని పంపేశాడు. చప్పుడు పోయింది. పెద్దమనిషి మళ్లీ రాలేదు. బండి చేతులు మారింది, రంగు మారింది. లింకు లేని చోటు మాత్రం అలాగే ఉంది.

ఒక పక్క లింకు లేకపోతే ముందు బారు ఉన్నా లేనట్టే, గాలిలో ఊగుతుంటుంది. అందుకే అది పడవలా ఒరిగింది. ముందు బలం సున్నా అయిన బండికి తను వెనక రెట్టింపు బలం బిగించి, మధ్య చిల్లులో పెట్టి, చుక్కలు పెట్టి, జాగ్రత్తగా చంపడానికి సిద్ధం చేసి ఇచ్చాడు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది.

"ఇవాళ ఆవిడ ఎక్కడికో వెళ్తానందే?" అన్నాడు.

"కొండ మీదికి. ఆ మలుపుల రోడ్డు కోసమే కదా బారు వేయించుకుంది," అంటూనే భార్య బయటికి చూసింది. సన్నగా జల్లు మొదలైంది.

ఫోను చేశారు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశారు. నాలుగోసారీ అంతే. భార్య ఫోను లాక్కుని సంచిలో పడేసి, రెండు పానాలు, అట్టపెట్టె అందులోనే కుక్కి స్కూటరు తీసింది.

"ఎక్కండి."

"వాన..."

"ఎక్కండి అన్నాను."

కొండ రోడ్డు ఊరు దాటగానే మొదలవుతుంది. ఒక పక్క రాయి, ఒక పక్క లోయ, మధ్యలో నడుము ఎత్తు పిట్టగోడ. అదీ కొన్నిచోట్ల లేదు. ప్రతి మలుపులో మేస్త్రి లోయలోకి చూశాడు. చూడకుండా ఉండలేకపోయాడు. ఎక్కడ బూడిద రంగు కనబడ్డా గుండె ఆగేది, దగ్గరికి వెళ్తే అది బండరాయి అయ్యేది. ఆ కొండంతా బూడిద రంగు రాళ్లే. డాక్టరు ఆసుపత్రి బోర్డు, ఆవిడ తెల్లకోటు, కుర్చీ పక్కన నీళ్ల గ్లాసు కళ్ల ముందు తిరిగాయి. నొప్పి ఉంటుందని ముందే చెప్పే మనిషిని ఒక్క ముక్క చెప్పకుండా ఇక్కడికి పంపాడు. దేవుడా, ఆవిడని బతికించు, ఈ షెడ్డు మూసేస్తాను అని మొక్కుకున్నాడు. మొక్కుకున్నాక షెడ్డు మూస్తే ఎలా బతకాలో అని మళ్లీ భయపడ్డాడు. మనిషి భయానికి సిగ్గుండదు.

పైకి చాలా దూరం వెళ్లాక ఒక మలుపులో భార్య బ్రేకు వేసింది. రోడ్డు పక్క మట్టిలో చక్రాల గాడి ఒకటి అర్ధచంద్రంలా తిరిగి అంచు దాకా వెళ్లింది. పిట్టగోడ లేని చోటది. సున్నం కొట్టిన హద్దురాయి ఒక పక్కకి వాలి ఉంది, కింద ఎర్రటి గాజు పెంకులు.

మేస్త్రి దిగాడు. అంచు దాకా నడవలేక తడి మట్టిలో చతికిలబడి, చేతుల మీద పాకుతూ వెళ్లి కిందికి చూశాడు. పొదలు. ఇంకా కింద ఇంకా పొదలు. వాన పొగలో ఏమీ తెలియడం లేదు. "డాక్టర్ గారూ" అని పిలిచాడు.

"ఏమండీ, ఇటు చూడండి," అని భార్య భుజం పట్టి తిప్పింది. "పైన."

మలుపు దాటి యాభై గజాల అవతల, రోడ్డు వెడల్పయిన చోట కారు నిలబడి ఉంది, ముక్కు కిందికి తిరిగి. పక్కన గోడ మీద డాక్టరు తడుస్తూ కూర్చుని ఉంది. మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. లేచొచ్చిన ప్రాణం నిలబడక అక్కడే కాసేపు ఏడ్చాడు.

దగ్గరికి వెళ్లేసరికి ఆవిడ ఎవరినో చూసినట్టు చూసింది. వెనక దీపం ఒకటి పగిలింది, ఇంకేమీ కాలేదు. మలుపులో స్టీరింగు తిప్పగానే వెనక భాగం జారిందట, బండి గిర్రున తిరిగి వెనక్కి వెనక్కి వెళ్లి రాయికి కొట్టుకుని ఆగిందట. రాయి లేకపోతే అని మొదలుపెట్టి ఆ వాక్యం పూర్తి చేయలేదు. నడుపుతూ ఫోను ఎత్తలేదట. ఎలాగో కారు తీసి ఇక్కడ పెట్టి, అరగంట నుంచీ కూర్చుంది.

"మీరేమీ కంగారు పడకండి, మీ బారు తప్పు కాదు," అంది. "మీరు ఒకటికి రెండుసార్లు చూస్తారు, ఊరందరికీ తెలుసు. నా చేతులే. చూడండి." ముందుకి చాచింది. రెండు చేతులూ ఆకుల్లా వణుకుతున్నాయి. "ఈ మధ్య నాకే అనుమానంగా ఉంది, వయసు మీద పడిందని. ఇవాళ తేలిపోయింది."

"ఒక్కసారి చూస్తానమ్మా" అన్నాడు మేస్త్రి, కారు వైపు చెయ్యి చూపించి.

చక్రాలకి రాళ్లు పెట్టాడు. స్టీరింగు ఒక పక్కకి పూర్తిగా తిప్పి, ముందు ఎడమ చక్రం వెనక్కి దూరాడు. అనుకున్నట్టే లింకు లేదు, బారు కొస ఉత్తినే వేలాడుతోంది. భార్య మాట్లాడకుండా అట్టపెట్టె విప్పి కొత్త లింకు అందించింది. పది నిమిషాల పని. కింది నట్టు బిగించాడు, పై నట్టు బిగించాడు. ఇక ఈ కారు మళ్లీ ఇలా తిరగదు. ఎవరు నడిపినా తిరగదు. రెండేళ్ల తప్పు పది నిమిషాల్లో సరిపోయింది, చూసినవాళ్లు లేరు, అడిగేవాళ్లు లేరు. చక్రం వెనక చీకట్లో పడుకుని మేస్త్రి ఆ సంగతి ఆలోచించాడు. ఆలోచించలేదని చెబితే నేను అబద్ధం ఆడినట్టే.

అప్పుడు గోడ దగ్గర డాక్టరు ఫోనులో మాట్లాడటం వినబడింది. ఎవరో తోటి డాక్టరుతో.

"రేపటి దవడ ఆపరేషను మీరు చేసేయండి. పెద్దావిడ, నరం పక్కనే ఉంది, నా చేతిని నేను నమ్మలేను... లేదు, రేపటికే కాదు. ఇక పెద్ద పనులు పెట్టుకోను. తుడవడం, కడగడం లాంటివి చూసుకుంటాను."

మేస్త్రి పానా పట్టుకున్న చేతిని చూసుకున్నాడు. ఆ చెయ్యే పనికిరాదని ఎవరైనా తనతో అంటే ఏమవుతాడో ఆయనకి బాగా తెలుసు. చెబితే ముందు నుయ్యి, చెప్పకపోతే వెనక గొయ్యి. వీధిలో ముప్ఫై ఏళ్ల పేరు, పరుపుల కొట్టాయన మొహం, పోలీసులు, అన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. లోయ అంచున పాకినప్పుడు కూడా ఇంత భయపడలేదు. భార్య పక్కన చతికిలబడి ఆయన వంకే చూస్తోంది. చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఒకసారి అంటే బాగుండుననుకున్నాడు.

బయటికి వచ్చి నిలబడ్డాడు. మోకాళ్లకి మట్టి, మొహానికి గ్రీజు.

"అమ్మా, ఫోను పెట్టేయకండి. ఆయన్ని కాస్త ఆగమనండి."

డాక్టరు ఫోను చెవి దగ్గర నుంచి దించింది.

"మీ చేతులు కావమ్మా. ముందు బారు లింకు లేదు. రెండేళ్ల కిందట నేనే తీశాను, ఇంకొకాయన దగ్గర ఈ కారు ఉన్నప్పుడు. మళ్లీ పెట్టలేదు. మొన్న మీరు ఒరుగుతోందంటే ముందుకి వెళ్లి చూడకుండా వెనక గట్టిది వేశాను. అలా వేస్తే తడి రోడ్డు మీద ఏ డ్రైవరు చేతిలోనైనా ఇది తిరుగుతుంది. మీరు చివరి దాకా స్టీరింగు వదల్లేదు కాబట్టే అది రాయి దగ్గర ఆగింది. వణకడానికి ముందు ఆ చేతులు ఆ పని చేశాయి."

ఫోనులో అవతలి మనిషి హలో హలో అంటున్నాడు. ఆవిడ దాన్ని ఆపేసింది.

"ఆ రాయి తగిలే దాకా," అంది, "నేను చచ్చిపోయాననే అనుకున్నానండీ."

"తెలుసమ్మా."

"తెలీదు మీకు."

మేస్త్రి తల దించుకున్నాడు. క్షమించమని అడుగుదామనుకున్నాడు గానీ, అంత చిన్న మాట ఆవిడ ముందు పెట్టడానికి సిగ్గేసింది. ఆవిడ అరవలేదు, తిట్టలేదు. అరిస్తే కాస్త భారం దిగేది.

"ఇప్పుడు బిగించారా?"

"బిగించానమ్మా."

"వెనకది?"

"మెత్తటి చిల్లులోకి మారుస్తాను, పావుగంట ఇవ్వండి." మళ్లీ కింద దూరాడు. ఈసారి వెనకా ముందూ నాలుగు చక్రాల దగ్గరా ప్రతి బోల్టు మీదా వేలు వేసి చూశాడు, తను ముట్టుకోనివి కూడా. ఆవిడ గోడ మీంచి లేచి వచ్చి, వంగి, ఆయన చూస్తున్న ప్రతిదాన్నీ చూసింది. చివర లేచాక కారు తలుపు తెరిచి స్టీరింగు ముందు కూర్చుంది.

"అమ్మా, మీరు స్కూటరు మీద మా ఆవిడతో రండి. కారు నేను దించుతాను."

"లేదు. నేనే నడుపుతాను. రేపు ఆ ఆపరేషను చేయాలంటే ఇవాళ ఈ మలుపు నేనే దిగాలి." పక్క సీటు వైపు తల ఊపింది. "మీరు ఇందులో కూర్చోండి."

ఆయన భార్య వంక చూశాడు. భార్య అప్పటికే స్కూటరు స్టార్టు చేసింది. ఇక దారి లేక వంగి లోపల కూర్చుని, బెల్టు పెట్టుకుని, తలుపు పిడి రెండు చేతులతో పట్టుకున్నాడు. కారు కదిలింది. మలుపు దగ్గరపడింది, వాలిన హద్దురాయి కనబడింది, దాని పక్కన గాజు పెంకులు, తను పాకిన గుర్తులు. లోయ తన వైపే ఉంది. కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

"కళ్లు తెరవండి మేస్త్రి గారూ," అంది డాక్టరు నెమ్మదిగా. "మీరు కూడా చూడాలి."

తెరిచాడు.